వేరు కాల్లో లేదు

నా కుడికాలికి నాలుగు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలినీ, దాని వెనకున్న ఎముకలో కొంత భాగాన్నీ నెల్లూరు పెద్దాసుపత్రిలో తీసేశారు. పాము కరవలేదు, లారీ తొక్కలేదు. ఆనెకాయతో పోయింది. ఈ మాట చెబితే మా వైపు జనం ఇప్పటికీ నవ్వుతారు. ఆనెకాయేంది, వేలు పోవడమేంది అంటారు. ఆనెకాయ లేని కాలు మా పల్లెల్లో వెతికినా దొరకదు మరి. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతా.

మాది కొండాపురం మండలంలో ఒక పల్లె. నెల్లూరు జిల్లా అంటే పెన్నా, వరిచేలూ అనుకునేవాళ్ళు ఒకసారి మా మెట్టకు రావాలి. వానపడితే కంది, మినుము, సజ్జ. బోర్లున్నవాళ్ళకి నిమ్మ, బత్తాయి. కొందరు కలిగిరి వేలం కేంద్రాన్ని నమ్ముకొని పొగాకేస్తారు. మిగతా నేలంతా చిల్లకంప, తుమ్మ, రేగు. ఆ కంపల్లోనే మా బతుకు, ఎందుకంటే మాది జీవాల ఇల్లు. పల్ల, జొడిపి, దొర అని మూడు రకాలుండే నెల్లూరు గొర్రె దేశంలో ఉన్న గొర్రెల్లోకెల్లా ఎత్తైనదని పేరు. దాని కాళ్ళు పొడుగు, నడక ఎక్కువ. దాని వెనక మా నడకా అంతే.

చిల్లముల్లు మామూలు రబ్బరు చెప్పును దూసుకొని అరికాల్లోకొస్తుంది. అందుకని మా వాళ్ళు లారీ టైరు ముక్కతో చెప్పులు చేయించుకుంటారు. ముల్లుకు లొంగవు, ఏళ్ళ తరబడి అరగవు. వార్లను టైరుకు మేకులతో బిగిస్తారు. మేకు కదిలితే రాయితో ఒక దెబ్బ వేసి మళ్ళీ తొడుక్కుంటాం. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ అవే వేశాను, మా నాయనా అవే వేశాడు.

నాకు ఆనెకాయ చిటికెన వేలి మొదట్లో, అరికాలి అంచున లేచింది. మొదట్లో కందిగింజంత ఉండేది, పసుప్పచ్చగా, గట్టిగా. రాయి మీద అడుగు పడితే ప్రాణం జివ్వుమనేది. మా లెక్కలో దానికి డాక్టరు అక్కర్లేదు. నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలుస్తారు, కారే చమురును ఆనెకాయకు అంటిస్తారు. జిల్లేడు పాలు పోస్తారు. గడ్డం గీసుకునే బ్లేడును రెండుగా విరిచి పొరలు చెక్కుతారు. తిరునాళ్ళలో చాప పరుచుకొని కూర్చునేవాళ్ళు ఇంకోరకం. కొమ్ము బోర్లించి గాలి పీల్చి, కత్తి మొనతో తవ్వి, తెల్లటి పోగొకటి అరచేతిలో పెట్టి "ఇదిగో వేరు, ఇంక రాదు పో" అంటారు. మా బావ అట్టా తీయించుకున్నాడు. కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ లేచింది. వేరు తెగి సగం లోపల ఉండిపోయిందని మళ్ళీ తవ్వించుకున్నాడు.

నాకు బ్లేడుతో చెక్కడమే అలవాటు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆనెకాయ పెరిగిందే కానీ తగ్గలేదు. నొప్పి మాత్రం తగ్గతా వచ్చింది. అలవాటైపోయింది అనుకున్నాం. అప్పుడప్పుడూ రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలు పుట్టేవి, తెల్లారేసరికి మొద్దుబారినట్టుండేవి. దప్పికయ్యేది, నిద్రలో లేచి ఒంటేలికి పొయ్యేవాణ్ణి. మా ఎండల్లో దప్పిక ఎవరికి లేదు?

ఒకసారి మా పెద్దోడు కావలి నుంచి వస్తూ మందుల షాపులో ఆనెకాయ పట్టీలు తెచ్చాడు. గుండ్రటి పట్టీ, నడిమధ్య చుక్కంత మందు. అందులో ఉండేది సాలిసిలిక్ యాసిడ్, ఇట్టాంటి పట్టీల్లో మామూలుగా నూటికి నలభై పాళ్ళు ఉంటుందట. గట్టిపడిన చర్మాన్ని అది నానబెట్టి, తెల్లగా చేసి, పొరలుగా ఊడదీస్తుంది. కానీ చచ్చిన చర్మమేదో బతికున్న చర్మమేదో దానికి తెలీదు. షుగరున్నవాళ్ళు వాడకూడదని ఆ పెట్టెల మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుంటుంది. మా ఇంట్లో దాన్ని చదివినవాళ్ళు లేరు. చదివినా ఏం లాభం, నాకు షుగరుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

ఆ పట్టీతోనే దిగువకు పోయాను. శివరాత్రి దాటి డెల్టాలో వరికోతలు మొదలైతే మా మెట్టోళ్ళం మందలు తోలుకొని పోతాం. కోసిన మళ్ళల్లో పగలు మేపు, రాత్రి మంద కట్టడం. ఎరువు పడుతుంది కాబట్టి రైతు డబ్బో వడ్లో ఇస్తాడు. ఎడగారు పనులు మొదలయ్యేదాకా ఒక ఊరి మళ్ళల్లో నుంచి ఇంకో ఊరి మళ్ళల్లోకి నడుస్తూనే ఉంటాం. పట్టీ తడిసేది, బురద పట్టేది, పైన ఇంకోటి వేసేవాణ్ణి.

ఒక రాత్రి అన్నం తింటుంటే మా ఇంటామె ముక్కు మూసుకుంది. "ఏమయ్యా, కుళ్ళు వాసనొస్తా ఉంది. జీవం ఏదన్నా చచ్చిందేమో చూడు" అంది. ఇద్దరం బ్యాటరీ లైటు తీసుకొని మంద చుట్టూ తిరిగాం. పిల్లల గంపలు ఎత్తి చూశాం. గట్టు కింద చూశాం. యాడికి పోయినా వాసన మా వెంటే వచ్చింది. చివరికి ఆమే నన్ను కూర్చోబెట్టి, కాలు తన ఒళ్ళోకి తీసుకొని లైటు వేసింది. పట్టీ ఊడదీస్తే దాంతోపాటు తెల్లటి చర్మం జారి వచ్చింది. కింద గుంట. చిటికెన వేలి కొస పట్టేంత గుంట, చీము.

"నొప్పి లేదా?" అంది. లేదన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేదు.

ఆ పక్క ఊళ్ళో సూది వేసే ఆయన కట్టు గట్టిగా కట్టి సూదేశాడు. ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంది. ఆనక చలిజరం పట్టుకుంది. పాదం వాచి, ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. మందను బావమరిదికి అప్పగించి, పెద్దోణ్ణి పిలిపించుకొని నెల్లూరు పోయాం.

అక్కడ ముందు వేలు గుచ్చి రక్తం చూశారు. షుగరు నాలుగు వందలు దాటింది. "ఎన్నాళ్ళ నుంచి ఉంది పెద్దాయనా?" అని అడిగింది డాక్టరమ్మ. "ఇప్పుడే కదమ్మా మీరు చెప్పేది" అన్నాను. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకోమంది. సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని అక్కడక్కడా తాకుతాననీ, తగిలినప్పుడల్లా చెప్పమనీ అంది. ఆ పోగు పది గ్రాముల బరువు పడితే వంగేట్టు చేసుంటారని తర్వాత తెలిసింది. నేను కళ్ళు మూసుకొని కాచుకున్నాను. ఎంతకీ తాకలేదు. "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అన్నాను. "అయిపోయింది, కళ్ళు తెరువు" అంది. రెండు పాదాలమీదా అన్నిచోట్లా తాకించిందట. చీలమండ పైన మాత్రమే నాకు తెలిసింది.

ఆ మాటతో నాకు భయం పుట్టింది. అంతవరకూ పుండు చూసి కూడా భయపడలేదు.

తర్వాత సన్నటి లోహపు పుల్లను పుండులోకి పోనిచ్చింది. అది లోపల గట్టిగా దేనికో తగిలి ఆగింది. ఎముక. పుల్ల ఎముకకు తగిలిందంటే చీము ఎముకదాకా పోయినట్టేనని పక్కనున్న కుర్ర డాక్టరుకు చెప్పింది. ఎక్స్‌రేలో చిటికెన వేలి ఎముక అంచు కొరికినట్టుంది. పాదం మీద వేళ్ళు ఆనించి నాడి చూసి, "రక్తం బాగానే పారుతోంది. అదొక్కటే నీ అదృష్టం. బీడీ మానకపోతే అదీ ఉండదు" అంది. రక్తం పారకపోతే మోకాలి కిందికి తీయాల్సి వచ్చేదట.

సంతకం పెట్టమన్నప్పుడు మా ఇంటామె ఒక్కటే అడిగింది: "నడుస్తాడా అమ్మా?" నడుస్తాడు, కానీ నడవకుండా కూర్చుంటేనే నడుస్తాడు అంది డాక్టరమ్మ. ఆ మాట అర్థం కావడానికి మాకు చాలా కాలం పట్టింది.

నడుముకు మత్తుసూది వేసి తీశారు. తెలివిలోనే ఉన్నాను. నొప్పి లేదు, చప్పుడు వినబడింది. ఎముక కత్తిరించే చప్పుడు. జీవాలు కోసే చోట ఎన్నోసార్లు విన్న చప్పుడే, ఈసారి నాది. ఆ రాత్రి గుడ్డ కప్పిన కాలు వైపు చూడలేకపోయాను.

పుండును కుట్టెయ్యలేదు. తెరిచే ఉంచి రోజూ కడిగి, చచ్చిన కండను గీకి కట్టు కట్టేవాళ్ళు. గీకేటప్పుడు మత్తు అక్కర్లేదు, నాకేమీ తెలిసేది కాదు. పక్క మంచం మీద ఒకామెకు వేన్నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుంటే బొబ్బలెక్కి చర్మమంతా ఊడొచ్చింది, వేడి తెలీలేదట. ఇంకొకామెకు మెట్టె ఒరుసుకొని పుండు. ఒకాయన పెంచలకోనకు మొక్కుకొని చెప్పుల్లేకుండా నడిచాడు, బండలకు అరికాళ్ళు కాలిపోయాయి. ఎవరిని అడిగినా అదే మాట: నొప్పి తెలీలేదు. 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ పెద్ద సర్వే దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరున్నట్టు లెక్క తేల్చింది. వాళ్ళల్లో చాలామంది ఏదో ఒక రోజు ఇట్టాంటి వార్డులోనే కలుసుకుంటారేమో అనిపించింది నాకు.

ఒక రోజు డాక్టరమ్మ నా చెప్పులు తెమ్మంది. మంచం కింద గోనెసంచిలో ఉన్నాయి. పెద్దోడు సిగ్గుపడుతూ తీసిచ్చాడు. ఆమె తొడుగు వేసుకున్న చెయ్యి కుడి చెప్పు మీద పెట్టి, మడమ దగ్గర్నుంచి నెమ్మదిగా ముందుకు జరిపింది. చిటికెన వేలి చోటుకు రాగానే ఆగింది. నా పెద్దోడి వేలు పట్టుకొని అక్కడ ఆనించింది. వారును బిగించిన మేకు తల టైరులోంచి పైకి లేచుంది, అరిగి నున్నగా మెరుస్తోంది. దాని చుట్టూ టైరు కూడా గుంట పడింది. "ఆనెకాయకు వేరు ఎక్కడుంటుందని అడిగావు కదా పెద్దాయనా, ఇదిగో" అంది.

ఆనెకాయ గురించి ఆమె చెప్పింది ఇదీ. ఎముక పైనుంచి ఒత్తుతుంది, చెప్పో రాయో కిందనుంచి ఒత్తుతుంది. నడుమ నలిగే చర్మం తనను కాపాడుకోవడానికి మందమవుతుంది. మందమైన చర్మం మళ్ళీ లోపలికే కోసుగా దిగి ఇంకా ఒత్తుతుంది. వేరన్నది లేదు, తిరునాళ్ళలో చూపించే తెల్ల పోగు గట్టిపడిన చర్మమే. ఒత్తిడి ఉన్నంతకాలం ఎన్నిసార్లు చెక్కినా వస్తుంది. ఒత్తిడి తీసేస్తే చెక్కకపోయినా మెల్లగా పలచబడుతుంది. అందుకే ముందు చెప్పు సంగతి, ఆ తర్వాతే కాలి సంగతి.

ఆమె ఇంకో కథ చెప్పింది. 1946లో రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పాల్ బ్రాండ్ అనే డాక్టరొచ్చాడు. కొల్లి కొండల్లో పుట్టినవాడే. కుష్టు రోగుల వేళ్ళు రోగం తినేసి రాలిపోతాయని అప్పటిదాకా అందరూ అనుకునేవాళ్ళు. ఆయన దగ్గరుండి చూసి, స్పర్శ పోయిన కాళ్ళూ చేతులూ దెబ్బ మీద దెబ్బ తగులుతున్నా తెలీకనే పాడవుతున్నాయని తేల్చాడు. వాళ్ళకోసం మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు చేయించారు. ఆయన తర్వాత అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి పోయి, అదే పాఠాన్ని షుగరు రోగుల కాళ్ళకూ వర్తింపజేశాడు. మా జిల్లా జనం పెద్ద జబ్బొస్తే పోయే ఊళ్ళో మొదలైన చెప్పులే నాకూ రాసిచ్చారు. పైకి మామూలు చెప్పుల్లాగే ఉంటాయి, వెనక వారుంటుంది, లోపల మేకుండదు.

ఆపరేషను ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగింది. అయినా ఇల్లు గడవాలి, మంద వెంట మనిషిని పెట్టాలి, ఇన్సులిన్ కొనాలి. మంచి పొట్టేళ్ళను ధర రాని కాలంలో అమ్ముకున్నాం. డబ్బుకంటే కష్టం కూర్చోవడం. పుండు మానేదాకా ఆ కాలు కింద మోపొద్దన్నారు. నొప్పి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టడం తేలిక. నాకు నొప్పి లేదు, లేచి నాలుగడుగులు వేస్తే ఏమవుతుందనిపించేది. వసారాలో మంచం మీద పడుకొని మంద దొడ్డి దాటే చప్పుడు వినేవాణ్ణి. మా ఇంటామె పొద్దున్నే చేతులు కడుక్కొని, సెలైన్‌తో పుండు కడిగి కట్టు మార్చేది. పొలం పనీ, జీవాల పనీ చేసొచ్చి రాత్రి మళ్ళీ చూసేది. తిట్లు కూడా ఆ కట్టుతోపాటే. వానలు పడి కంది మొలకెత్తేసరికి పుండు అడుగు నుంచి ఎర్రగా పూడుకొచ్చింది.

జీవం కుంటితే మేమేం చేస్తాం? పట్టుకొని, కాలెత్తి, గిట్టల మధ్య చూస్తాం. ముల్లుంటే తీస్తాం, కుళ్ళుంటే గిట్ట చెక్కి మైలుతుత్తం నీళ్ళల్లో నడిపిస్తాం. మనిషి కుంటకుండా నడుస్తున్నా రోజూ కాలెత్తి చూడాలని నాకు ఆసుపత్రిలో తెలిసింది. ఇప్పుడు రాత్రి అన్నానికి ముందు అరికాలు కింద అద్దం పెట్టుకొని చూస్తాను. కళ్ళు ఆనకపోతే మనవరాలు చూస్తుంది. చెప్పు తొడిగే ముందు దులిపి, చెయ్యి పెట్టి తడుముతాను.

నన్నడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. షుగరు లేదని పరీక్షలో తేలి, కాళ్ళల్లో స్పర్శ బాగుంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు వేళ్ళ దగ్గర వెడల్పుగా, అడుగున మెత్తగా ఉండే చెప్పు వెయ్యండి. స్నానానికి ముందు గోరువెచ్చని నీళ్ళల్లో పది నిమిషాలు కాలు నానబెట్టి, మడమలు రుద్దుకునే రాయితో పైపైన రుద్దండి. ఒక్కరోజులో ఊడదీయాలని చూడొద్దు. ఎర్రబడితే ఆపండి. తుడుచుకొని వాజలైనో కొబ్బరినూనో రాయండి. వారాలు పడుతుంది. పట్టీ వాడితే గట్టి చర్మం మీదే ఆనాలి, మంచి చర్మానికి తగలకూడదు. వేళ్ళ సందుల్లో తెల్లగా, తడిగా లేచే మెత్తటి ఆనెకాయకు పట్టీ అసలు వద్దు. సందు ఆరబెట్టి, మెత్తటి గుడ్డో దూదో పెట్టుకుంటే చాలు.

షుగరుంటే ఇవేవీ వద్దు. బ్లేడు, పట్టీ, జీడి, జిల్లేడు, వేన్నీళ్ళు ఏదీ కాదు. డాక్టరు దగ్గర కూర్చుంటే పదునైన శుభ్రమైన బ్లేడుతో చచ్చిన పొర మాత్రం చూసి తీస్తారు. ఆనెకాయ కింద నల్లగా, ఎర్రగా రక్తపు మచ్చ కనబడితే లోపల పుండు మొదలైనట్టే, ఆ రోజే పోవాలి. అట్నే ప్రతి గట్టి మచ్చా ఆనెకాయ కాదు. నేరుగా నొక్కితే నొప్పి పుడితే ఆనెకాయ కావచ్చు. రెండు పక్కల నుంచి గిల్లితే ఎక్కువ నొప్పి పుట్టి, లోపల సన్నటి నల్లచుక్కలుంటే పులిపిరి కావచ్చు. ముల్లు విరిగి లోపలుండిపోయినా పైన గట్టిపడుతుంది. మా కంపల్లో అది మామూలే. ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు, స్కానింగులో కనబడుతుంది.

మొన్న మా అన్న కొడుకు ఆనెకాయ చూపించుకోవడానికి నా దగ్గరకొచ్చాడు. బ్లేడు జేబులో పెట్టుకునే వచ్చాడు. ముందు పీహెచ్‌సీకి తోలాను. వేలు గుచ్చి చూశారు, డబ్బులడగలేదు, షుగరు లేదు. ఆనక వాడి చెప్పు తీయించి చెయ్యి పెట్టి చూశాను. మేకు లేదు కానీ తెగిన వారును ముడేసుకున్నాడు, ఆ ముడి సరిగ్గా ఆనెకాయ చోటే. బ్లేడు నేను తీసుకున్నా. కొత్త చెప్పులు కొనుక్కొని రారా అని వాణ్ణి కావలి బస్సెక్కించా.